బొమ్మ పట్టాలెక్కిన డీజిల్

1939లో షికాగో దగ్గరి లా గ్రాంజ్ కర్మాగారం నుంచి ఎఫ్‌టీ అనే డీజిల్ ఇంజను బయటికొచ్చింది. నాలుగు యూనిట్ల జోడింపు, ఒక్కోటి 1,350 హార్స్‌పవర్. జనరల్ మోటార్స్‌కు చెందిన ఎలక్ట్రో-మోటివ్ దాన్ని పదకొండు నెలల పాటు ఇరవై రైల్వేల పట్టాల మీద 83,764 మైళ్లు తిప్పి చూపించింది. దాంతో గూడ్సు బళ్లకు ఆవిరే దిక్కన్న వాదన వీగిపోయింది. ముందుగా పెద్ద ఎత్తున కొన్నది శాంటా ఫే రైల్వే. ఎడారి దారుల్లో ఆవిరి ఇంజన్లకు నీళ్లు సమకూర్చలేక అది విసిగిపోయి ఉంది.

తర్వాత వచ్చిన ఎఫ్3ని 1948లో లయొనెల్ కంపెనీ బొమ్మగా చేసింది. అచ్చుల ఖర్చులో జనరల్ మోటార్స్, శాంటా ఫే, న్యూయార్క్ సెంట్రల్ రైల్వే తలా కొంత భరించాయి. పిల్లల గదిలో ఇంతకంటే చవకైన ప్రకటన ఇంకేముంటుంది! ఎర్ర ముక్కు, వెండి ఒళ్లు ఉన్న శాంటా ఫే బొమ్మ ముందు న్యూయార్క్ సెంట్రల్ బూడిదరంగు వెలవెలబోయింది.

నిజానికి బొమ్మకు ఆవిరి కంటే డీజిలే అచ్చొచ్చింది. అసలు ఇంజనులోనూ డీజిల్ తిప్పేది చక్రాలను కాదు, జనరేటర్‌ను. బొమ్మలోలాగే ఇరుసులను తిప్పేవి కరెంటు మోటార్లే. పైగా మోటారును దాచడానికి పొడవాటి పెట్టె ఉంది, బయట ఊగే కడ్డీలు లేవు.

1950ల్లో హెచ్‌ఓ సైజు, అంటే అసలులో 87వ వంతు, జోరందుకుంది. కాలిఫోర్నియాలోని అథర్న్ కంపెనీ బొమ్మ ఇంజన్లలో కొన్నిటికి గేర్లే లేవు. మోటారు ఇరుసుకూ చక్రాల ఇరుసులకూ రబ్బరు బ్యాండ్లు చుట్టేవారు. స్విచ్ నొక్కితే గూడ్సు బండి కాస్తా రేసు కారయ్యేది. ఎలక్ట్రో-మోటివ్ వారి జీపీ రకం ఇంజన్ల బొమ్మలతో ఇంకో చిక్కు. అసలు జీపీ ఒళ్లు సన్నం, రెండు పక్కలా నడిచే దారి ఉంటుంది. ఆనాటి మోటారు అందులో పట్టలేదు. ఒళ్లు లావు చేశారు, దారి ఇరుకైంది. ధర తక్కువ కనుక జనం సర్దుకుపోయారు.

1980ల్లో బొమ్మల కంపెనీ అట్లాస్ కోసం జపాన్ సంస్థ కాటో చేసిన ఆల్కో ఆర్‌ఎస్-3 ఆ సర్దుబాటుకు కాలం చెల్లేలా చేసింది: సన్నని మోటారు, నెమ్మదైన నడక. మన కాజీపేట, గుత్తి షెడ్లలో ఏళ్ల తరబడి ఉన్న డబ్ల్యూడీఎం-2 ఇంజను కూడా ఆల్కో కంపెనీ నమూనాయే, 1962లో వచ్చింది.

1990ల్లో డిజిటల్ కంట్రోల్ ప్రమాణాలొచ్చాక ఒకే పట్టా మీద రెండు ఇంజన్లను వేర్వేరు వేగాలతో నడపగలిగారు. ఆ తర్వాత బొమ్మలోంచే ఇంజను మోత వినిపించసాగింది. పాత అథర్న్ జీపీ ఎక్కడైనా కంటబడితే మాత్రం పక్క దారి వెడల్పు చూసి బేరమాడండి.