కొలబద్ద ఎప్పుడూ బయటిదే

పాతబస్తీ పిల్లలు ఎంత చదివారో తేల్చే అధికారం చాలాకాలం పాతబస్తీకి లేదు. 1887లో హైదరాబాదులో నిజాం కాలేజీ పెట్టి, దాన్ని మద్రాసు యూనివర్సిటీకి అనుబంధం చేశారు. చదువు ఇక్కడ, పట్టా అక్కడ. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ వచ్చాక పరీక్ష ఊళ్లోకి వచ్చింది. అయితే బోధన ఉర్దూలో. ఛత్రినాక, గౌలిపుర, ఉప్పుగూడ వైపు తెలుగు ఇళ్ల పిల్లలకు పరీక్ష దగ్గరైంది గానీ భాష దూరంగానే ఉండిపోయింది.

ఆ తర్వాతి మార్పులు ఢిల్లీ నుంచి వచ్చాయి. కొఠారీ కమిషన్ 1966లో నివేదిక ఇచ్చింది. 1969-70లో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం పీయూసీ తీసేసి రెండేళ్ల ఇంటర్ తెచ్చింది. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి చేరింది.

అసలు మలుపు 1986. సర్వేలులో 1971లో గురుకులం తెరిపించిన పీవీ నరసింహారావు అప్పటికి కేంద్ర మానవ వనరుల మంత్రి. ఆయన హయాంలో వచ్చిన జాతీయ విద్యావిధానం రెండు మాటలు చెప్పింది: దేశమంతటికీ ఒక ఉమ్మడి పాఠ్యాంశ సారం ఉండాలి, ప్రతి దశలో పిల్లలు చేరాల్సిన కనీస అభ్యసన స్థాయిలు తేల్చాలి. దవే కమిటీ 1991లో ఆ స్థాయిలను ప్రాథమిక తరగతులకు భాష, గణితం, పరిసరాల విజ్ఞానంలో విడివిడిగా రాసిపెట్టింది. ఏ పుస్తకం చదివాడని కాదు, ఏం చేయగలడని అడిగిన మొదటి జాతీయ ప్రమాణం అదే అంటాను. బడికి వచ్చేసరికి అది రిజిస్టర్లో టిక్కు పెట్టే పని అయింది. తప్పు ఆలోచనది కాదు.

యశ్‌పాల్ నాయకత్వంలో వచ్చిన 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఆ యాంత్రికతను కాదంది. దాని వెలుగులో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం 2011లో సొంత చట్రం రాసుకుంది, పుస్తకాలు మారాయి. 2014-15 నుంచి పదో తరగతిలో 80 మార్కులు రాతపరీక్షకు, 20 బడిలోనే వేసే అంతర్గత మూల్యాంకనానికి పెట్టారు. ఆ ఇరవైకి ఇరవై ఎలా పడేవో టీచర్లందరికీ తెలుసు.

2017లో ఎన్‌సీఈఆర్‌టీ అభ్యసన ఫలితాలంటూ పాత ప్రశ్ననే మళ్లీ అడిగింది. 2022లో తెలంగాణ 'తొలిమెట్టు' మొదలుపెట్టి చదవడం, రాయడం, లెక్కల మీద దృష్టి పెట్టింది. నా ఓటు ఈ దారికే. అద్దె ఇల్లు మారినప్పుడల్లా బడి మారే పిల్లలు మా బస్తీల్లో ఎందరో. మహబూబ్‌నగర్ నుంచి వచ్చినా గుల్బర్గా నుంచి వచ్చినా, మూడో తరగతి పిల్లవాడికి ఏం రావాలన్నది ఒకటే అయితే కొత్త టీచరుకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

పై తరగతుల్లో బోర్డు పేరు మార్చి దాన్నే ప్రమాణం అనడం వేరు. ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి ప్రభుత్వ బడులను సీబీఎస్ఈకి మార్చారు. పిల్లలు అందుకోలేకపోతున్నారని 2024 సెప్టెంబరులో వెనక్కి తెచ్చారు. మధ్యలో నలిగింది ఆ పిల్లలే. ఇప్పుడు బోర్డులన్నిటినీ ఒక స్థాయికి తెచ్చే పనిని 'పరఖ్' సంస్థకు అప్పగించారు. ఆ పని పదో తరగతి ప్రశ్నపత్రంతో మొదలైతే ఫలితం ఇలాగే ఉంటుంది.

పెద్దలకు నా విన్నపం ఒక్కటే. బోర్డు మార్చేముందు ఏదైనా బస్తీ బడికి వెళ్లి, మూడో తరగతి పిల్లల చేత వాళ్ల భాషలో ఒక పేజీ చదివించుకోండి.