గర్భసంచి తీయించుకోవడమే మార్గమా?

పెద్దపల్లి, గోదావరిఖని పరిసరాల స్త్రీలను “పాత ఆపరేషన్లేమైనా ఉన్నాయా?” అని అడిగితే, ముప్పై అయిదేళ్లు నిండనివారు సైతం “గర్భసంచి తీసిండ్రు సారూ, ఉంచితే క్యాన్సర్ అయితదన్నరు” అనడం నేను ఎన్నోసార్లు విన్నాను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో దేశం మొత్తం మీద 3.2 శాతం మంది గర్భసంచి తొలగింపజేసుకోగా, తెలంగాణలో అది 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అవన్నీ క్యాన్సర్ భయంతోనే జరిగాయని అనను. కానీ ఆ భయం చాలామందితో సంతకం పెట్టించింది.

గర్భాశయ ముఖద్వారంలో హెచ్‌పీవీ వైరస్ ఏళ్ల తరబడి తిష్ట వేస్తే పైపొర కణాలు మార్పు చెందుతాయి. ఆ మార్పు క్యాన్సర్ కావడానికి సాధారణంగా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. కొన్ని మార్పులు వాటంతటవే మానిపోతాయి కూడా. అంతవరకు జబ్బు పైపొర దాటదు.

పూర్వం ఆ పొరలో మార్పు ఎంతమేర ఉందో వైద్యుల కంటికి ఆనేది కాదు. అందువల్ల గర్భసంచిని మొత్తంగా తీసేవారు, లేదా ముఖద్వారాన్ని శంకువు ఆకారంలో కత్తితో కోసేవారు. 1925లో జర్మనీ వైద్యుడు హిన్సెల్‌మన్ కాల్పోస్కోప్‌ను రూపొందించాక మార్పు చెందిన చోటును పెద్దదిగా చేసి చూడగలిగారు. 1960లలో ఆ చోటును అతిశీతలంతో గడ్డకట్టించే క్రయోథెరపీ వచ్చింది. అదే దశకంలో జర్మనీకే చెందిన సెమ్, సుమారు వంద డిగ్రీల వేడితో పైపొరను మాడ్చే పరికరాన్ని తెచ్చాడు. దాని పేరు మాత్రం ‘కోల్డ్ కోయాగ్యులేటర్’! అప్పటి కరెంటు సాధనాల వేడితో పోలిస్తే అది చల్లనిదేనట. 1989లో ఇంగ్లండ్‌లో ప్రెండివిల్ బృందం సన్నని తీగ ఉచ్చుతో ఆ భాగాన్ని మాత్రమే తీసే పద్ధతిని ప్రచురించింది. నేడు మనం లీప్ అంటున్నది అదే. ఆ చోట మత్తు సూది చాలు.

ఇవి నగరాలకే పరిమితమని అనుకోవద్దు. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో 2000లో మొదలైన అధ్యయనంలో శిక్షణ పొందిన నర్సులే ముఖద్వారానికి ఎసిటిక్ ఆమ్లం పూసి, తెల్లబడిన చోటును గుర్తించి, తగినవారికి క్రయోథెరపీ చేశారు. ఈ క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గినట్లు 2007లో వెల్లడైంది. క్రయోకు గ్యాస్ సిలిండరు మోయాలి. బ్యాటరీతో నడిచే వేడి పరికరానికి ఆ బాధ లేదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికీ మార్గదర్శకాలిచ్చింది.

అయితే మార్పు లోపలి నాళంలోకి పాకినా, పూర్తిగా కనిపించకపోయినా మాడ్చడం కుదరదు, లీప్ చేయాలి. క్యాన్సర్ అనుమానముంటే ముందు బయాప్సీ. ఏ చికిత్స చేసినా ఏడాదికి మళ్లీ పరీక్ష తప్పదు.

అనవసరంగా గర్భసంచి తీస్తే, అండాశయాలు ఉంచినా ముట్లుడిగే దశ ముందే రావచ్చు. వాటినీ తీస్తే ఎముకలకు, గుండెకు ముప్పు. ఇటువంటి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. కనుక మీ ఇంట్లో ఎవరికైనా “క్యాన్సర్ వస్తుంది, తీసేద్దాం” అని చెబితే, సంతకానికి ముందు బయాప్సీ రిపోర్టు చూపమని అడగండి.