పొగగొట్టం నుంచి దుకాణానికి: గృహ బొగ్గు విక్రయ నియమాల చరిత్ర (బ్రిటన్, ఐర్లాండ్: 1952–2022)

వ్యాస సంగ్రహం: ఇళ్లలో కాల్చే బొగ్గు వల్ల నగరాలను కమ్మే పొగను అదుపు చేయడానికి బ్రిటన్, ఐర్లాండ్ దేశాలు ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో రెండు మార్గాలను అనుసరించాయి. మొదటిది బొగ్గు కాల్చే ఇంటివారిని బాధ్యులను చేసింది. రెండవది దానిని అమ్మే వర్తకుణ్ణి బాధ్యుణ్ణి చేసింది. ఈ బాధ్యత ఒకరి నుంచి మరొకరికి ఏ కారణాల చేత మారింది, ఆ మార్పు ఎంతవరకు ఫలించింది, ఎక్కడ ఆగిపోయింది అనే విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: గృహ బొగ్గు, పొగ నియంత్రణ ప్రాంతం, చిల్లర వర్తకం, స్వచ్ఛ వాయు చట్టం, డబ్లిన్ నిషేధం.

1. ప్రవేశిక

తెలుగులో ‘బొగ్గు’ అనే మాట కట్టెను కాల్చి చేసే బొగ్గుకూ, గనిలో తవ్వే ఖనిజానికీ వర్తిస్తుంది. రెండవదానిని వేరుచేసి చెప్పడానికి ‘నేలబొగ్గు’, ‘రాక్షసి బొగ్గు’ అనే మాటలున్నాయి. ఈ వ్యాసంలో బొగ్గు అంటే ఆ గనిబొగ్గే. అందులోనూ ముఖ్యంగా మండేటప్పుడు దట్టమైన పొగనిచ్చే బిటుమినస్ రకం. ఆంత్రసైట్, కోక్ వంటివి పొగ తక్కువగా ఇస్తాయి. నిషేధిత, అనుమతిత ఇంధనాల మధ్య చట్టాలు గీసిన గీతకు ఆధారం ఈ భేదమే.

2. చట్టం తాకని పొయ్యి

బొగ్గు పొగపై ఆంక్షలు లండన్‌కు కొత్త కాదు. 1307లోనే సున్నపు బట్టీలలో సముద్రపు బొగ్గు వాడకాన్ని నిషేధిస్తూ రాజశాసనం వెలువడింది. పారిశ్రామిక యుగంలో వచ్చిన 1875 నాటి ప్రజారోగ్య చట్టం నల్లని పొగ వదిలే పొగగొట్టాలను ప్రజాబాధకాలుగా పరిగణించింది. అయితే నివాసగృహాల పొగగొట్టాలను మాత్రం స్పష్టంగా మినహాయించింది. 1926 నాటి పొగ నివారణ చట్టం కూడా ఆ మినహాయింపును తొలగించలేదు. ఇంటిలోని పొయ్యి కుటుంబ జీవితానికి కేంద్రమనీ, అందులో ప్రభుత్వం తలదూర్చరాదనీ ఉన్న భావన ఈ మినహాయింపును నిలబెట్టింది.

ఆ మినహాయింపు మూల్యం 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్‌ను కమ్మిన పొగమంచులో బయటపడింది. నాటి అంచనాల ప్రకారం అదనపు మరణాలు సుమారు 4,000. తరువాతి పరిశోధనలు ఆ సంఖ్యను 12,000 వరకు పెంచాయి. అప్పటికి బ్రిటన్‌లో గృహ బొగ్గుపై రేషన్ అమలులో ఉంది. అది 1958 వరకు కొనసాగింది. అంటే బొగ్గు వర్తకుని ఖాతా పుస్తకంలోకి ప్రభుత్వం అప్పటికే ప్రవేశించింది. కానీ అది ఎంత బొగ్గు అమ్ముతున్నారని అడిగిందే తప్ప ఎలాంటి బొగ్గు అమ్ముతున్నారని పొగ దృష్టితో అడగలేదు. పైగా ‘నట్టీ స్లాక్’ అనే నాసిరకం పొడిబొగ్గును ఆ డిసెంబరు ఆరంభంలోనే రేషన్ నుంచి విడుదల చేసింది.

3. 1956: ఇంటివారిపై బాధ్యత

సర్ హ్యూ బీవర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1954లో తుది నివేదిక సమర్పించింది. పొగలో పెద్ద భాగం ఇళ్ల నుంచే వస్తున్నదని అది తేల్చింది. పార్లమెంటు సభ్యుడు జెరాల్డ్ నబారో ప్రైవేటు బిల్లు తెచ్చిన ఒత్తిడి కూడా తోడై, 1956లో స్వచ్ఛ వాయు చట్టం వచ్చింది.

ఈ చట్టం ప్రకారం స్థానిక సంస్థలు ‘పొగ నియంత్రణ ప్రాంతాలను’ ప్రకటించవచ్చు. అక్కడ ఏ ఇంటి పొగగొట్టం నుంచి పొగ వెలువడినా ఆ ఇంట్లో ఉండేవారు నేరస్థులవుతారు. అనుమతించిన ఇంధనం వల్లనే పొగ వచ్చిందని నిరూపించుకుంటే నేరం ఉండదు. పొయ్యి మార్చుకోవడానికి అయ్యే ఖర్చులో పదింట ఏడు వంతులు ప్రజాధనం నుంచి తిరిగి ఇచ్చే ఏర్పాటు కూడా ఈ చట్టంలో ఉంది. నేరంతో పాటు సహాయం కూడా ఇంటి గడపకే చేరింది.

ఈ పద్ధతికి రెండు పరిమితులున్నాయి. ప్రతి ప్రాంతాన్నీ విడిగా ప్రకటించి, ఇల్లిల్లూ తనిఖీ చేసి, పొయ్యిలు మార్పించాలి. ఇది ఏళ్ల తరబడి సాగే పని. ఇక పొగ కనబడిన క్షణమే సాక్ష్యం కాబట్టి, రాత్రివేళ వెలువడే పొగకు సాక్షి దొరకడం కష్టం.

4. 1968: వర్తకుని ప్రవేశం

1968 నాటి స్వచ్ఛ వాయు చట్టం తొమ్మిదవ సెక్షన్ ఈ లోటును పూరించడానికి ప్రయత్నించింది. పొగ నియంత్రణ ప్రాంతంలో వాడడానికి అనుమతి లేని ఇంధనాన్ని సంపాదించడం నేరమైంది. అలాంటి ప్రాంతంలోని భవనానికి సరఫరా చేసే షరతుతో చిల్లరగా అమ్మడమూ నేరమైంది. అది మినహాయింపు పొందిన పొయ్యి ఉన్న ఇల్లని నమ్మడానికి తగిన కారణం ఉన్నదని వర్తకుడు చూపగలిగితే శిక్ష తప్పుతుంది. 1993లో చట్టాలను క్రోడీకరించినప్పుడు కూడా ఈ నిబంధనలు అలాగే నిలిచాయి.

ఇక్కడ గమనించవలసిన మాట ‘సరఫరా’. లారీలో బస్తాలు వేసుకుని ఇంటింటికీ చేరవేసే వర్తకునికి తాను ఏ చిరునామాకు ఇస్తున్నదీ తెలుసు. అందుచేత అతణ్ణి పట్టుకోవడం సాధ్యమైంది. దుకాణానికి వచ్చి సంచి కొనుక్కుని వెళ్లిపోయే కొనుగోలుదారు విషయంలో ఆ నిబంధన విక్రేతను తాకలేదు. పెట్రోలు బంకులలో, చిల్లర దుకాణాలలో సంచుల అమ్మకం పెరిగిన కొద్దీ ఈ సందు పెద్దదైంది.

5. 1990: డబ్లిన్ ఎంచుకున్న దారి

1970లలో చమురు ధరలు పెరిగిన తరువాత ఐర్లాండ్‌లో ఇళ్లు తిరిగి ఘన ఇంధనానికి మళ్లాయి. ఫలితంగా 1980లలో డబ్లిన్ చలికాలాలు దట్టమైన పొగతో నిండాయి. 1987 నాటి వాయు కాలుష్య చట్టం కింద మొదట బ్రిటన్ తరహా మార్గాన్నే ప్రయత్నించారు. బాలీఫెర్మట్ అనే శ్రామిక నివాసప్రాంతాన్ని ప్రత్యేక నియంత్రణ ప్రాంతంగా ప్రకటించి, ఇళ్లలోని పొయ్యిలను మార్పించే పని చేపట్టారు. నగరమంతటికీ దానిని విస్తరించాలంటే ఖర్చూ కాలమూ భారమని త్వరలోనే స్పష్టమైంది.

అప్పుడు పర్యావరణ పరిరక్షణ బాధ్యతలు చూస్తున్న సహాయమంత్రి మేరీ హార్నీ వేరే దారి ఎంచుకున్నారు. 1990 సెప్టెంబరు 1 నుంచి డబ్లిన్ నగర ప్రాంతంలో బిటుమినస్ బొగ్గు మార్కెటింగ్, అమ్మకం, పంపిణీ నిషిద్ధమయ్యాయి. ఆ నిబంధనలు బొగ్గు కాల్చడాన్ని నిషేధించలేదు. లక్షలాది పొయ్యిలను కాక కొద్దిమంది దిగుమతిదారులను, టోకు, చిల్లర వర్తకులను కనిపెట్టి ఉంటే సరిపోతుందన్నది ఇందులోని తర్కం. తక్కువ పొగనిచ్చే ఇంధనం ధర ఎక్కువ కనుక, ఇంధన భత్యం పొందే పేద కుటుంబాలకు అదనపు వారపు సహాయం కల్పించారు. ఆ తరువాత ఈ నిషేధం 1995లో కార్క్‌కు, 1998లో మరి కొన్ని పట్టణాలకు విస్తరించింది.

6. ఫలితం: రెండు అధ్యయనాలు

2002లో ‘లాన్సెట్’ పత్రికలో క్లాన్సీ, ఆయన సహపరిశోధకులు ప్రచురించిన అధ్యయనం నిషేధానికి ముందు, తరువాత 72 నెలల చొప్పున పోల్చి చూసింది. గాలిలో నల్లని పొగ సుమారు 70 శాతం తగ్గింది. శ్వాసకోశ మరణాలు 15.5 శాతం, హృద్రోగ మరణాలు 10.3 శాతం తగ్గాయి. సంఖ్యలో చెప్పాలంటే ఏటా దాదాపు 116 శ్వాసకోశ మరణాలు, 243 హృద్రోగ మరణాలు తగ్గినట్లు లెక్కగట్టారు. దుకాణం వద్ద విధించిన నియమం ఇంత ఫలితాన్నిచ్చిందనే వాదనకు ఈ అధ్యయనం ప్రపంచవ్యాప్తంగా ఆధారమైంది.

అయితే 2013లో డాకరీ నాయకత్వాన వెలువడిన పునఃపరిశీలన, నిషేధం లేని ప్రాంతాలతో కూడా పోల్చింది. శ్వాసకోశ మరణాల తగ్గుదలను అది ధ్రువీకరించింది. హృద్రోగ మరణాలు మాత్రం నిషేధం లేని చోట్ల కూడా అదే తీరున తగ్గుతూ ఉన్నందున, ఆ భాగాన్ని నిషేధానికి ఆపాదించలేమని తేల్చింది. దీనివల్ల నిషేధం నిష్ఫలమని అనుకోరాదు. దాని ఘనతను ఎంతమేరకు చెప్పుకోవచ్చో ఈ రెండవ అధ్యయనం నిర్ణయించింది.

7. హద్దుల సమస్య

అమ్మకాన్ని మాత్రమే నిషేధించిన చట్టానికి భౌగోళిక హద్దే బలహీనత. హద్దు దాటి కొని తెచ్చుకుని ఇంట్లో కాల్చుకునేవారికి అడ్డులేదు. అందుచేత 2012 ఐరిష్ నిబంధనలు నియంత్రిత ప్రాంతాలలో కాల్చడాన్ని కూడా నిషేధించాయి. సంచులలో ఇంధనం నింపి అమ్మేవారు పర్యావరణ పరిరక్షణ సంస్థ వద్ద నమోదు కావలసి వచ్చింది. 1990లో విడిచిపెట్టిన పొయ్యి వద్దకు చట్టం ఈ విధంగా తిరిగి చేరింది.

2022 అక్టోబరు 31 నుంచి ఐర్లాండ్ ఊరూ పట్నమూ అనే తేడా లేకుండా దేశమంతటికీ ఒకే ప్రమాణం విధించింది. అమ్మే ఘన ఇంధనం గంటకు 10 గ్రాములకు మించి పొగ ఇవ్వరాదు. కానీ పీట్ దగ్గర ఈ నియమం చిక్కులో పడింది. చిత్తడి నేలలలో తవ్వి ఎండబెట్టిన పీట్ గడ్డలు గ్రామీణ కుటుంబాలకు వంశపారంపర్యపు హక్కు. దుకాణాలలో, బహిరంగ స్థలాలలో, ఆన్‌లైన్‌లో వాటి అమ్మకాన్ని నిషేధించారు. హక్కుదారులు తవ్వుకోవడాన్నీ, ఇరుగుపొరుగుకు ఇవ్వడాన్నీ మాత్రం వదిలివేశారు.

ఇంగ్లండ్ 2020 నిబంధనలతో 2021 మే 1 నుంచి ఇళ్లకు సంచులలో బొగ్గు అమ్మకాన్ని, 2023 మే 1 నుంచి విడిబొగ్గు అమ్మకాన్ని నిలిపివేసింది. తయారుచేసిన ఘన ఇంధనాలలో గంధకం 2 శాతానికి, పొగ గంటకు 5 గ్రాములకు లోబడి ఉండాలి. 2021 పర్యావరణ చట్టం పాత సందును కూడా పూడ్చింది. పొగ నియంత్రణ ప్రాంతాలలో వాడకూడని ఇంధనాన్ని అమ్మే చిల్లర వర్తకుడు, అక్కడి వాడకానికి దానిని కొనడం నేరమని కొనుగోలుదారుకు తెలిపేందుకు తగిన చర్యలు తీసుకోవాలి. తీసుకోకపోతే పరిమితి లేని జరిమానాకు గురవుతాడు. అదే చట్టం ఇంటి పొగను క్రిమినల్ నేరాల నుంచి తొలగించి, 175 నుంచి 300 పౌండ్ల సివిల్ జరిమానాగా మార్చింది.

8. ముగింపు

1875లో చట్టానికి అందని ఇంటి పొయ్యి 1956లో నేరస్థలమైంది. 2021 నాటికి ఇంటివారి తప్పు సివిల్ జరిమానాగా తగ్గగా, వర్తకుని తప్పు నేరంగానే నిలిచింది. అమ్మేవారు కొద్దిమంది, కాల్చేవారు లక్షలు కావడమే ఈ మార్పుకు మూలకారణం.

అయితే దుకాణం ద్వారా సాగే చట్టం అమ్ముడుపోయే ఇంధనాన్నే అదుపు చేయగలదు. తవ్వుకున్నదీ, పొరుగువారు ఇచ్చినదీ, హద్దు దాటి వచ్చినదీ దాని చేతికి చిక్కవు. అలాగే, విక్రేతపై పెట్టిన భారం ధర రూపంలో కొనుగోలుదారుకే చేరుతుంది. 1956లో పొయ్యి ఖర్చుకు, 1990లో ఇంధనం ఖర్చుకు ప్రజాధనం తోడైంది. ఆ సహాయం లేనిచోట స్వచ్ఛమైన గాలికి మూల్యం చలికాలంలో పేద ఇల్లే చెల్లించవలసి వస్తుంది.