ట్రేవీకి నీళ్లొచ్చిన దారి

రోమ్ వెళ్లినవాళ్లు ట్రేవీ ఫౌంటెన్‌కు వీపు తిప్పి నిలబడి, కుడిచేత్తో ఎడమ భుజం మీదుగా ఒక నాణెం విసురుతారు. అలా విసిరితే మళ్లీ రోమ్ చూసే యోగం పడుతుందట. 1954లో వచ్చిన ‘త్రీ కాయిన్స్ ఇన్ ద ఫౌంటెన్’ అనే హాలీవుడ్ సినిమా ఈ ముచ్చటను ప్రపంచమంతా పాకించింది. పోగైన చిల్లరను కారితాస్ అనే క్యాథలిక్ సేవాసంస్థకు ఇస్తారు, పేదల కోసం. మంచిదే. కాకపోతే ఈ నాణేల సందడిలో నీళ్లను పట్టించుకునేవాళ్లు తక్కువ. కళ్లముందున్న పాలరాతి వైభవానికి ఇంకా మూడు వందల ఏళ్లు నిండలేదు. అక్కడికి నీరొచ్చిన దారికి మాత్రం రెండు వేల ఏళ్లు దాటాయి.

ఆ దారి వేయించినవాడు అగ్రిప్పా. అగస్టస్ చక్రవర్తికి బాల్యమిత్రుడు, తర్వాత అల్లుడు కూడా అయ్యాడు. తాను కట్టించిన స్నానశాలలకు నీళ్లు కావలసి వచ్చి, క్రీ.పూ. 19లో నగరానికి తూర్పున ఉన్న ఊటల నుంచి కాలువ తవ్వించాడు. ఒకటో శతాబ్దం చివర్లో రోమ్ నీటి సరఫరా చూసిన అధికారి ఫ్రాంటినస్ ఓ సంగతి రాసిపెట్టాడు. నీళ్ల కోసం వెతుకుతున్న సైనికులకు ఒక చిన్నపిల్ల ఆ ఊటలను చూపించిందట. అందుకే దానికి ఆక్వా విర్గో, అంటే కన్య జలం అని పేరొచ్చింది.

నీరు పల్లమెరుగు అంటాం. ఈ కాలువలో పల్లం ఉందా అంటే ఉందనాలి, అంతే. ఇరవై కిలోమీటర్లకు పైగా పొడవున్న దారిలో మొత్తం వాలు సుమారు నాలుగు మీటర్లు. కిలోమీటరుకు ఇరవై సెంటీమీటర్లు కూడా లేదన్నమాట. ఎక్కడైనా కొంచెం ఎత్తుపెట్టారంటే నీరు నిలిచిపోతుంది. మన తాపీ మేస్త్రీ చేతిలో రసమట్టం ఉన్నట్టు రోమన్లకు కోరోబేట్స్ ఉండేది. ఇరవై అడుగుల పొడవైన చెక్కబల్ల, దానికి వేలాడే తూకపు దారాలు. గాలికి దారాలు ఊగుతుంటే బల్ల మీద తొలిచిన గాడిలో నీళ్లు పోసి మట్టం చూసుకునేవారు.

కాలువలో చాలా భాగం భూమి లోపలే నడుస్తుంది. అదే దాన్ని కాపాడింది. 537లో గోత్‌లు రోమ్‌ను ముట్టడించి, నగరానికి నీళ్లు తెచ్చే వంతెన కాలువలన్నీ తెగ్గొట్టారు. నీళ్లు ఆగిపోయిన ఒక కాలువలోకి దివిటీలు పట్టుకుని కొందరు గోత్‌లు దూరారని ఆనాటి చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు. అది విర్గోయేనని పండితుల మాట. పైన ఉన్న కాపలావాడికి సందులోంచి వెలుతురు కనిపిస్తే, తోటివాళ్లు అది తోడేలు కళ్ల మెరుపని కొట్టిపారేశారు. కానీ రోమ్‌ను కాపాడుతున్న సేనాని బెలిసారియస్ కాలువలో ముందే గోడ కట్టించి ఉంచడంతో గోత్‌లు వెనుదిరిగారు.

తర్వాత శతాబ్దాల పాటు ఆ కాలువ ఒకప్పుడు పారింది, ఒకప్పుడు ఎండింది. 1453లో పోప్ ఐదో నికోలస్ బాగుచేయించాడు, 1570 నాటికి ఐదో పయస్ పూర్తిగా పునరుద్ధరించాడు. ట్రేవీలో అప్పటికి ఉన్నది ఒక మామూలు తొట్టి. పదిహేడో శతాబ్దంలో పోప్ ఎనిమిదో అర్బన్ దాన్ని ఘనంగా మార్చాలని శిల్పి బెర్నినీని పిలిచి, డబ్బు కోసం ద్రాక్షసారా మీద పన్ను వేశాడు. 1644లో ఆయన పోయాడు, పని అక్కడితో ఆగింది. పన్ను కట్టినవాళ్లు ఏమనుకున్నారో మనం ఊహించుకోవచ్చు.

తర్వాతి శతాబ్దంలో పోప్ పన్నెండో క్లెమెంట్ ఇంకో దారి పట్టాడు. పోటీ పెట్టాడు, లాటరీ డబ్బు వాడాడు. 1732లో పని మొదలుపెట్టిన వాస్తుశిల్పి నికోలా సాల్వీ 1751లో చనిపోయాడు, అది పూర్తయ్యేసరికి 1762 వచ్చింది. కుడివైపున ఒక పెద్ద రాతి కూజా ఉంటుంది. అక్కడ ఒక మంగలి దుకాణంవాడు పని సాగినంతకాలం ఊరికే వంకలు పెడుతుంటే, వాడికి ఫౌంటెన్ కనిపించకుండా సాల్వీ ఆ కూజాను అడ్డంగా నిలబెట్టాడని రోమ్‌వాసుల కబురు. నిజమో కాదో గానీ, నాకు మాత్రం నమ్మబుద్ధవుతుంది.

నీళ్లను చూడాలంటే నాణెం విసిరేముందు ఇటు తిరగండి. మధ్యలో ఉన్న సముద్రదేవుడికి అటూఇటూ పైన రెండు చెక్కడాలున్నాయి. ఒకదానిలో అగ్రిప్పా కాలువ పనిని పరిశీలిస్తున్నాడు, ఇంకోదానిలో సైనికులకు ఆ పిల్ల ఊటను చూపిస్తోంది. తొట్టి దగ్గరికి మెట్లు దిగాల్సి రావడానికి కారణం కూడా అదే కాలువ. అంత తక్కువ వాలుతో వచ్చే నీటికి పైకెగిసే ఒత్తిడి ఉండదు, కనుక తొట్టిని వీధి కంటే లోతులో పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడైతే ఆ నీటినే పంపులతో తిప్పి తిప్పి వాడుతున్నారు. స్పానిష్ మెట్ల ముందున్న బర్కాచ్చా ఫౌంటెన్‌కూ ఇదే కాలువ నీళ్లు. బెర్నినీ తండ్రి పియెత్రో దాన్ని సగం మునిగిన పడవలా మలిచి లోపాన్ని అందంగా మార్చాడు.

కాలువను కళ్లారా చూడాలంటే నడక దూరంలోనే వియా దెల్ నజరేనో వీధి ఉంది. అక్కడ 46లో క్లాడియస్ చక్రవర్తి మరమ్మతు చేయించి శాసనం వేయించిన తోరణం కనిపిస్తుంది. వియా దెల్ త్రితోనేలోని రినషెంతే దుకాణంలోనూ కిందికి దిగితే అదే కాలువ కమానులు వరుసగా కనిపిస్తాయి. దుకాణంలోకి వెళ్లడానికి టికెట్ అక్కర్లేదు.