నీటి దారి, మంచు దారి: తుఫాను వేళ ప్రయాణ ప్రమాదం – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

తరగతుల కోసం మీరు దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఎల్.బి.నగర్‌లోనో బస్సు దిగి నడిచి ఉంటారు. ఆ వీధి ఎటు వాలి ఉందో ఎప్పుడైనా గమనించారా? ఈ ప్రశ్నకూ చరిత్రకూ సంబంధం ఉంది. తుఫాను కొత్తగా వస్తుంది గాని, దాని ప్రమాదం నడిచే దారి చాలావరకు పాతదే. ఆ దారిని గుర్తుంచుకున్న సమాజానికి నష్టం తగ్గుతుంది. ఈ విషయాన్ని ముందుగా మంచు కొండల ఉదాహరణతో, తర్వాత మన ప్రాంతపు అనుభవంతో పరిశీలిద్దాం.

మంచు కొండల పాఠం

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో మంచు చరియలు విరిగిపడి మద్రాస్ రెజిమెంట్‌కు చెందిన పదిమంది సైనికులు మరణించారు. వారిలో కర్నూలు జిల్లాకు చెందిన సిపాయి ఒకరు. మంచు చరియలు మనకు పూర్తిగా పరాయి విషయం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మంచు పొరలు పొరలుగా పేరుకుంటుంది. లోపల ఒక బలహీనమైన పొర ఉండి, దానిపై తుఫాను కొత్త బరువు మోపితే, పై మంచు పలకలా విడిపోయి జారుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఈ ప్రమాదం ఎక్కువ. చాలా సందర్భాల్లో ఆ వాలుపై అడుగుపెట్టిన ప్రయాణికుడి బరువే దాన్ని కదిలిస్తుంది.

1951 శీతాకాలంలో ఆల్ప్స్ పర్వత ప్రాంతాల్లో మంచు చరియలకు వందలమంది బలయ్యారు. ఆ తర్వాత స్విట్జర్లాండ్‌లో ప్రమాద పటాల తయారీ ఊపందుకుంది. గతంలో మంచు ఎక్కడి దాకా వచ్చిందో, ఏ చెట్లు విరిగాయో చూసి గీతలు గీశారు. పటంలో ఎరుపు రంగు వేసిన చోట కొత్త ఇళ్లు కట్టరాదు. మన దేశంలో ఈ అధ్యయనం కోసం 1969లో మనాలిలో ఒక రక్షణ పరిశోధన సంస్థను నెలకొల్పారు.

మన చెరువుల గొలుసు

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. దక్కను పీఠభూమిలో చెరువులను గొలుసుకట్టుగా నిర్మించారు. పై చెరువు నిండితే అలుగు పారి, నీరు కింది చెరువుకు చేరుతుంది. కుతుబ్‌షాహీల కాలం నాటి సరూర్‌నగర్ చెరువు అలాంటి గొలుసులో ఒక కడియం. దాని మిగులు నీరు మూసీలో కలవాలి. కాలక్రమంలో ఈ వాలుల మీద కాలనీలు వెలిశాయి, కాలువలు ఇరుకు నాలాలయ్యాయి.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన మహా వరద హైదరాబాద్‌లో వేలమందిని బలిగొంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) జలాశయాలు వచ్చాయి. అయితే అవి నగరానికి పడమట ఉన్నాయి. నదిలో ఎగువ నుంచి వచ్చే వరదను ఆపగలవు గాని, తూర్పు కాలనీలపై నేరుగా కురిసే వానను ఆపలేవు.

2020లో ఇదే తేటతెల్లమైంది. అక్టోబరు 13న కాకినాడ సమీపంలో తీరం దాటిన తీవ్ర వాయుగుండం తెలంగాణ మీదుగా సాగింది. బేగంపేటలో 19 సెంటీమీటర్ల వాన పడితే, తూర్పున ఘట్‌కేసర్ ప్రాంతంలో 32 సెంటీమీటర్లు కురిసింది. సరూర్‌నగర్, గడ్డిఅన్నారం, కోదండరాంనగర్ వీధులు మునిగాయి. విజయవాడ రహదారిపై వాహనాలు వరదలో చిక్కుకున్నాయి. అంతకు కొద్ది వారాల ముందే, సెప్టెంబరులో, సరూర్‌నగర్ ప్రాంతంలో స్కూటర్‌పై వెళ్తున్న ఒక వ్యక్తి వీధి వరదలో కొట్టుకుపోయాడు. మరునాడు ఆయన మృతదేహం చెరువులో దొరికింది. మనం వీధి అనుకున్నదాన్ని నీరు తన కాలువగానే వాడుకుంది.

హెచ్చరిక – దాని పరిమితి

మంచు ప్రమాదాన్ని ఒకటి నుంచి ఐదు వరకు అంకెలతో తెలుపుతారు. మన వాతావరణ శాఖ ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులు వాడుతుంది. రెండింటికీ ఒకే పరిమితి ఉంది. అవి ఒక జిల్లాకో పర్వత ప్రాంతానికో వర్తించే సూచనలు. మీరు దాటబోయే వాలు సంగతి, మీరు మలుపు తిరగబోయే వీధి సంగతి వాటిలో ఉండదు. ఆ వివరం స్థానిక జ్ఞాపకంలో దొరుకుతుంది.

కాబట్టి ఊరి పేర్లను చారిత్రక ఆధారాలుగా చదవండి. కుంట, కట్ట, తలాబ్, వాగు అనే మాటలున్న చోట ఒకప్పుడు నీరుంది. నల్లకుంట, తలాబ్‌కట్ట ఇందుకు ఉదాహరణలు. కొండల్లో విరిగిన చెట్లు చెప్పే సాక్ష్యాన్ని మన దగ్గర ఈ పేర్లు చెబుతాయి.

ఒక ఆచరణాత్మక విషయం కూడా గుర్తుంచుకోండి. వేగంగా పారే అరడుగు నీరు మనిషిని పడదోయగలదు. అడుగు లోతు నీరు చిన్న కారును కదిలించగలదు. నీటి అడుగున మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో కనబడదు. అలాంటప్పుడు ఆగిపోవడమే సరైన నిర్ణయం. ఒక తరగతి తప్పితే ఈ పుస్తకం చదివి ఆ లోటు తీర్చుకోవచ్చు.

సారాంశం

మంచు అయినా నీరైనా వాలును అనుసరిస్తుంది. తుఫానును మనం ఆపలేం. కాని దాని దారిలో ఇల్లు కట్టకుండా ఉండటం, ఆ దారిలో అడుగు వేయకుండా ఉండటం మన చేతిలో ఉంది. అందుకు పాత దారి ఏదో ముందు తెలియాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ నగర తూర్పు ప్రాంతాన్ని వాన ముంపు నుంచి ఎందుకు కాపాడలేవు?
2. మీ వీధిలో అందరికన్నా పెద్దవారిని కలవండి. కాలనీ రాకముందు వాన నీరు ఎటు పోయేదో అడిగి, ఒక చిన్న పటం గీయండి.