శెనక్కాయ చేనుకు ఏ తుపాకి?



మొన్న రాత్రి మా శెనక్కాయ చేన్లో పందులు పడినాయి. తెల్లారి పోయి చూస్తే గట్టు పక్క సాళ్ళన్నీ గుద్దలితో తవ్వినట్టు ఉన్నాయి. మా తమ్ముని కొడుకు ఫోన్లో ఒక వీడియో చూపించినాడు. అమెరికాలో ఎవరో బండి మీద తుపాకి ఆనించి, దూరంగా కలుగులోంచి తల ఎత్తిన జంతువును ఒక్క దెబ్బకు పడగొట్టినాడు. "పెదనాయనా, ఇట్లాంటిది మనమూ కొందామా? పందికి ఏ క్యాలిబర్ బాగుంటాది?" అని అడిగినాడు.

వానికి అప్పుడు సగమే చెప్పినా. మిగతాది ఇక్కడ రాస్తున్నా. ఎందుకంటే ఈ ప్రశ్నకు మన దేశంలో నూటయాభై ఏళ్ళ చరిత్ర ఉంది.

ముందు ఆ వీడియో సంగతి. పంటను, పచ్చికను పాడుచేసే జంతువులను అమెరికా రైతులు "వర్మింట్" అంటారు. అందులో పేరుమోసింది గ్రౌండ్‌హాగ్, బయళ్ళలో కలుగులు తవ్వే జంతువు. దాన్ని దూరం నుంచి కొట్టడానికి అక్కడ సన్న తూటాల వంశమే పుట్టింది. 1930లో .22 హార్నెట్ వచ్చింది. 1935లో .220 స్విఫ్ట్ వచ్చింది, దాని తూటా సెకనుకు 1,200 మీటర్ల పైగా పోతుంది. 1950లో .222 రెమింగ్టన్ వచ్చింది. దాని నుంచే తర్వాత .223 పుట్టింది, సైన్యం వాడే 5.56కు అది దగ్గర చుట్టం. తూటా సన్నగా, వేగంగా ఎందుకు ఉండాలంటే, దూరానికైనా సూటిగా పోవాలి, నేలకు తగిలితే ఎగిరి పక్కవాని ఇంటి మీదికి పోకుండా అక్కడే పొడి కావాలి. అక్కడి రైతు కూడా మొదట ఆలోచించింది పక్కవాని గురించే. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇక మన కథ. 1857 తిరుగుబాటు చూసినాక తెల్లవాళ్ళకు మన చేతిలో తుపాకి అంటే భయం పట్టుకుంది. 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు ఆయుధాల చట్టం తెచ్చినారు. మనకు లైసెన్సు లేకుండా తుపాకి ఉండకూడదు, తెల్లవాళ్ళకు మాత్రం చాలాకాలం మినహాయింపు. మనవాళ్ళలో ఆ మినహాయింపు దొరికిన కొద్దిమందిలో కొడగు కొడవలు ఒకరు, వాళ్ళకు అది ఇప్పటికీ నడుస్తోంది.

క్యాలిబర్ కూడా ఆ భయంతోనే తేల్చినారు. సైన్యం తూటా, జనం తూటా ఒకటిగా ఉంటే, దొంగిలించిన తూటాలు జనం తుపాకుల్లో పేలుతాయి కదా. అందుకని 1907 ప్రాంతంలో .450 బోరును ఇండియాలో, సూడాన్‌లో ఆపేసినారు. ఇంగ్లండ్‌లో తుపాకులు చేసేవాళ్ళు ఊరుకుంటారా? కొంచెం మార్చి .470, .465 అని కొత్తవి చేసి అమ్ముకున్నారు. ఏనుగులను, పులులను కొట్టే దొరల పెద్ద తుపాకుల అంకెలు అట్లా పుట్టినవే. సైన్యం వాడే .303 కూడా జనానికి లేదు. అందుకే కలకత్తా దగ్గర ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసే రైఫిల్ .315 బోరు. పాత ఆస్ట్రియా తూటా కొలత అది. ఈరోజుకీ మన దేశంలో లైసెన్సు రైఫిల్ అంటే ఎక్కువ మందికి గుర్తొచ్చేది అదే.

వాళ్ళ భయం ఉత్తది కాదని మన అల్లూరి చూపించినాడు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయినాడు. 1930లో గాంధీగారు ఇర్విన్ ముందు పెట్టిన 11 కోరికల్లో కూడా, ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు ఇవ్వాలనేది ఒకటి. అహింస చెప్పిన మనిషే ఆ మాట అడిగినాడని మనలో చాలామందికి తెలీదు.

స్వతంత్రం వచ్చినాక 1959లో కొత్త చట్టం చేసినారు. అందులో మన రైతు గురించి ఒక మాట ఉంది. నిజంగా పంట కాపలాకే అయితే, గొట్టం మూతి నుంచి మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వాలని రాసినారు. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే, లోపల గాడులు లేని నున్న గొట్టం తుపాకి ఇవ్వొచ్చు. అంటే మావాడు అడిగిన ప్రశ్నకు చట్టం ఎప్పుడో జవాబు చెప్పేసింది. పంట కాపలా లెక్కలో రైఫిల్ మాటే లేదు.

మా తాతకు అట్లాంటి మందు తుపాకి ఉండేది. మందు పోసి, గుడ్డ పెట్టి, గుండ్లు వేసి, ఇనప కడ్డీతో దట్టించేవాడు. ఒకసారి పేలిస్తే మళ్ళీ సిద్ధం చేసేలోపు పంది పక్క ఊరి పొలిమేర దాటేది. వానలో మందు నెమ్ముకునేది. ఎన్నికలొస్తే తుపాకి స్టేషన్లో అప్పజెప్పాలి, ఆ సంవత్సరం శెనక్కాయ ఊడలు దిగే కాలమైనా సరే. మా నాయన కాలానికి రెన్యువల్ కోసం తిరగలేక దాన్ని ఇచ్చేసినారు. నాకు తెలిసి మా తాత దాంతో కొట్టినవి తక్కువ, గాల్లోకి పేల్చినవి ఎక్కువ.

నున్న గొట్టంలో మనకు తెలిసింది పన్నెండు బోరు. ఒక పౌను సీసంతో గొట్టానికి సరిపడే గుండ్లు పన్నెండు పోస్తే ఆ కొలత పన్నెండు బోరు, సుమారు 18.5 మిల్లీమీటర్లు. పందికి వాడేది ఎల్‌జీ అనే పెద్ద గుండ్ల తూటా. నలభై గజాలు దాటితే గుండ్లు చెదిరిపోతాయి, దాని మీద నమ్మకం పెట్టుకోలేం. రైఫిల్ అట్లా కాదు. చిన్న .22 తూటా కూడా తప్పితే కిలోమీటరు పైగా పోగలదు.

ఇప్పుడు మన చేన్లు గుర్తు తెచ్చుకోండి. ఎకరా, రెండెకరాల ముక్కలు. ఈ గట్టు మీద నేను, ఆ గట్టు మంచె మీద నువ్వు, అవతల మోటారు దగ్గర ఇంకొకడు నులక మంచం మీద. అమావాస్య చీకటి. పంది వెనక ఎవరున్నారో ఎవరికి తెలుసు? తెల్లోడు భయపడి రైఫిల్ ఆపినాడు, మన చట్టం కూడా దాన్నే పట్టుకుని నడిచింది. కారణం ఏదైనా కానీ, ఆ పాత తీర్పు వల్ల మన గట్ల మీద కొన్ని ప్రాణాలు మిగిలే ఉంటాయి.

అంతటితో అయిపోలేదు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. తుపాకి లైసెన్సు వేరే, పందిని కొట్టే అనుమతి వేరే. పైరును పాడుచేసే జంతువును కొట్టడానికి రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి అధికారి గానీ, ఆయన అధికారం ఇచ్చినవాళ్ళు గానీ రాసి ఇవ్వాలి. కొన్నాళ్ళకు, కొన్ని చోట్లకు ఒక జంతువును "హానికర జంతువు" అని కేంద్రం ప్రకటించొచ్చు. 2015 చివర్లో బీహార్‌లో నీల్‌గాయ్‌నీ పందినీ అట్లా ప్రకటించినారు. 2016 జూన్‌లో మొకామా దగ్గర రెండొందలకు పైగా నీల్‌గాయ్‌లను కాల్చినారు. కాల్చినవాళ్ళు హైదరాబాద్ నుంచి పోయినవాళ్ళే. దాని మీద కేంద్రంలో ఇద్దరు మంత్రులే ఒకరి మీద ఒకరు మాట్లాడుకున్నారు. కేరళలో 2022 నుంచి పందుల విషయంలో ఆ అధికారం పంచాయతీ పెద్దలకు ఇచ్చినారు. అనుమతి దగ్గరికి వస్తే రైతుకు ఉపయోగం. అది ఊరి నుంచి దూరమయ్యే కొద్దీ రైతు తప్పుదోవ పడతాడు.

ఆ తప్పుదోవ ఏందో మీకందరికీ తెలుసు. కరెంటు తీగ. మూడేళ్ళ కింద మా పక్క ఊర్లో పందికని లాగిన తీగకు పంది చావలేదు. తెల్లారుజామున నీళ్ళు మళ్ళించడానికి పోయిన మనిషి చచ్చిపోయినాడు. తీగ పెట్టినోడు జైలుకు పోయినాడు, రెండు ఇళ్ళూ ఆరిపోయినాయి. ఇద్దరూ ఒకే అరుగు మీద కూచుని బీడీ కాల్చినవాళ్ళే.

అందుకే మావానికి చివరికి ఇట్లా చెప్పినా: "నాయనా, క్యాలిబర్ తర్వాత అడుగు. పంది వెనక ఎవరున్నారో ముందు చూడు." వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఈ వారం ఊర్లో పదిమందిమి కలిసి, నష్టం జరిగిన చేన్ల సర్వే నంబర్లు, ఫోటోలు కలిపి అటవీ శాఖకు ఒకే అర్జీ పెడుతున్నాం. ఒక్కడు పోతే ఒక కాగితం, పదిమంది పోతే ఒక ఊరు. అంతవరకు రాత్రి కాపలా వంతులు వేసుకున్నాం. ఈరోజు వంతు నాది. టార్చి, పాత రేకు డబ్బా తీసుకుని పోతున్నా.

మీ ఊర్లో తాతల కాలం మందు తుపాకి కథలు ఉంటే కింద రాయండి. తీగలు పెట్టినోళ్ళు ఉంటే మాత్రం, దయచేసి ఈ రాత్రే పీకేయండి.