మన ఊరి మ్యాప్ ఎవరి చేతిలో ఉంది?

గూగుల్ మ్యాప్స్, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, భువన్. ఈ మూడూ ఎలా పుట్టాయి, సొంత పనికి, హాబీకి ఏది పనికొస్తుంది? ఇవాళ అదే మాట్లాడుకుందాం.

ముందు రెండొందల ఏళ్లు వెనక్కెళ్దాం. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ దేశాన్ని త్రిభుజాలుగా కొలవడం మొదలుపెట్టాడు. 1818లో ఆయనకి అసిస్టెంటుగా జార్జ్ ఎవరెస్ట్ చేరాడు. అవును, శిఖరానికి పెట్టింది ఈయన పేరే! మన కృష్ణా, గోదావరి మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ మలేరియాతో మంచాన పడ్డాడు. ఇంత కష్టం జనం కోసం కాదు, కంపెనీ సర్కారు కోసం. స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలా సర్వే షీట్లు మామూలు జనానికి అందలేదు.

సీన్ మారింది 2004లో. స్టీవ్ కోస్ట్ ఇంగ్లండ్‌లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మొదలుపెట్టాడు. 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చింది. కానీ మన వీధుల డేటా ఏది? అందుకే గూగుల్ ఇండియాలో లలితేష్ కట్రగడ్డ టీం 2008లో మ్యాప్ మేకర్ తెచ్చింది. మన రోడ్డు మనమే గీయొచ్చు. 2009లో ఇస్రో భువన్ వచ్చింది, దాన్ని నడిపేది హైదరాబాద్‌లోని ఎన్ఆర్‌ఎస్‌సీ.

అసలు పాయింట్ ఇక్కడుంది. 2017లో మ్యాప్ మేకర్ మూసేశారు. జనం గీసిన రోడ్లు గూగుల్ దగ్గరే ఉండిపోయాయి. ఆ డేటా దించుకుని మన సొంత యాప్‌లో పెట్టుకుందామంటే కుదరదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కుదురుతుంది. పైసా కట్టక్కర్లేదు, వాళ్ల పేరు చెప్పి, లైసెన్స్ షరతులు పాటిస్తే చాలు.

మన ఊరినే చూడండి. 2022 ఏప్రిల్ 4న తిరువూరు కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. ఇలాంటి మార్పు గూగుల్‌లో చేయాలంటే సూచన పంపి, వాళ్లు ఒప్పుకునేదాకా ఆగాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అకౌంట్ ఉంటే మనమే మార్చేయొచ్చు. తప్పు పడితే ఇంకొకరు దిద్దుతారు, ఎవరేం మార్చారో హిస్టరీలో కనిపిస్తుంది.

మరి ఏది వాడాలి? విజయవాడ ట్రాఫిక్‌లో దారికి గూగుల్. శాటిలైట్ బొమ్మలు, భూమి వినియోగం చూడ్డానికి భువన్. నెట్ లేని చోట తిరగడానికి ఓస్మాండ్ లాంటి యాప్, దాని వెనక ఉన్నది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాపే. కానీ మీ చెరువు, మీ డొంక దారి పేరు పదిమందికీ మిగలాలంటే, రాయాల్సింది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనే.

ఈ ఆదివారం మీ వీధి ఒక్కటి చేర్చండి. ఏ ఊరో కామెంట్లో చెప్పండి. ఉంటా మరి!